కాళ్ళ మాత్ర

మా బావని ఎవరైనా నా ముందు పొగిడితే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. "అలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలమ్మా" అంటారు ఇరుగుపొరుగు. అవునవునని తలూపి తలుపేసుకుంటాను. ఒకప్పుడు అందరికంటే ఎక్కువగా గొంతు చించుకుని పొగిడింది నేనే కాబట్టి వాళ్ళనేమీ అనలేను. అయినా నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు, మా అక్క గురించి. ఆయన్ని పక్కనపెట్టి చెప్పడం కుదరదు, అంతే.

మా అక్క బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. గుండీలు కుట్టే బల్ల దగ్గర చేరి, పక్క గదిలో మగవాళ్ళు గుడ్డ కోస్తుంటే తలుపు సందులోంచి చూసి నేర్చుకుని, చివరికి వాళ్ళ బల్ల దగ్గరికే చేరింది. పొడవాటి బల్ల మీద గుడ్డని పొరలు పొరలుగా పరిచి, పైన కాగితం నమూనాలు అమర్చి, నిలువు కత్తి ఉన్న కరెంటు మిషను పట్టుకుని వాటి అంచుల వెంట నడుపుతారు. అడుగు పొర నుంచి పై పొర దాకా ఒకేలా తెగాలి. చెయ్యి జారిందంటే ఒక చొక్కా కాదు, ఆ దొంతరలో ఉన్న చొక్కాలన్నీ పోతాయి. అక్క చెయ్యి జారేది కాదు. నమూనాలు ఎంత ఒద్దికగా సర్దేదంటే, మిగిలిన పీలికలు చూసి సూపర్‌వైజరు "వీటితో బొమ్మకి కూడా గౌను రాదు కదమ్మా" అని నవ్వేవాడు. చిన్నప్పుడు మా ఇద్దరికీ ఏదైనా పంచాల్సి వస్తే కోసేది అక్క, ముందుగా ఏరుకునేది నేను. ఎంత తేరిపార చూసినా పెద్ద ముక్క దొరికేది కాదు. ఏడుపొచ్చేది నాకు.

బావ వడ్రంగి. పాడైపోయిన వస్తువంటే ఆయనకి పండగే. కాలు విరిగిన కుర్చీ, ఇరుక్కుపోయిన సొరుగు, ఉబ్బిన తలుపు, ఏదైనా సరే, దాని ముందు చతికిలబడి, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, గంటలకొద్దీ చూస్తాడు. తర్వాత బాగుచేస్తాడు. ఇది ఇక బాగుపడదు అన్నమాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. ఆ గుణాన్ని చూసే అక్క ఆయన్ని చేసుకుంది.

ఫ్యాక్టరీ గోదాములో పై అరలో ఉన్న గుడ్డ తాను లాగుతుంటే నిచ్చెన జారి అక్క వెల్లకిలా పడింది. నడుముకి కాస్త పైన వెన్నెముక విరిగింది. లోపలి నరాల తాడు నలిగిపోయింది. బొడ్డు కింద నుంచి ఒళ్ళు ఆమెది కాకుండా పోయింది. నిప్పు తగిలినా తెలియదు, తడి తగిలినా తెలియదు. వెన్నెముక వార్డులో నెలల తరబడి ఉన్నాక డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "నడవడం ఉండదమ్మా. కానీ చేతులు బలంగా ఉన్నాయి. కూర్చుని చెయ్యగలిగే పనులన్నీ చెయ్యగలవు." అక్క ఆ రాత్రంతా ఏడ్చిందట. పొద్దున్నే మొహం కడుక్కుని, "ఫ్యాక్టరీ బల్ల ఎత్తు ఎంతో కొలిచి రా" అని బావకి చెప్పింది. ఇదీ మా అక్క.

బావ ఇంట్లో ఉన్న ప్రతి గడపా కోసేశాడు. చక్రాల కుర్చీకి సరిపడా తలుపులు వెడల్పు చేశాడు. మంచం కాళ్ళు కుర్చీ ఎత్తుకి తగ్గించాడు. రోజూ పొద్దున అక్కని పక్కకి తిప్పి, వీపూ తుంట్లూ మడమలూ చూసేవాడు. స్పర్శ లేని చోట ఒత్తుకుపోయి ఎర్రబడితే చూస్తుండగానే పుండవుతుంది కదా. ఒళ్ళంతా చూసి "ఏం లేదు" అనేవాడు. ఆ ఒక్క మాట విని అక్క రోజు మొదలుపెట్టేది. తన ఒంటి సంగతి తనకి ఆయన చెప్తేనే తెలిసేది మరి.

ఇక మాత్రలు. మూత్రం మాత్ర, మంట మాత్ర, విరేచనం మాత్ర, ఎముకలకి ఇచ్చే కాల్షియంకి సున్నం మాత్ర అని మేమే పేర్లు పెట్టుకున్నాం. అన్నిటికంటే ముఖ్యమైనది కాళ్ళ మాత్ర. వెన్నులో తాడు దెబ్బతిన్న వాళ్ళకి కాళ్ళు ఉత్తినే పడి ఉండవు. వాటంతట అవే బిగుసుకుంటాయి, తంతాయి, వణుకుతాయి. మనిషి చెప్పిన మాట వినవు గానీ వాటి ఇష్టం వచ్చినట్టు మాత్రం ఎగురుతాయి. ఆ ఎగురుడు తగ్గించేదే కాళ్ళ మాత్ర. "దీన్ని మీ అంతట మీరు పెంచకూడదు, తగ్గించకూడదు, ఒక్కసారిగా అసలే ఆపకూడదు" అని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. కాళ్ళు ఎగిరితే నడక వస్తున్నట్టు కాదని కూడా చెప్పింది. మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. ముగ్గురం విన్నాం.

అక్క చేతులకి ఏ లోపమూ లేదు. మాత్రలు తనే తీసుకోగలదు. కానీ ఆ పని బావ నెత్తిన వేసుకున్నాడు. గదులు గదులుగా చిన్న చెక్కపెట్టె చేశాడు, పూటకో గది, ప్రతి గదికీ జారుడు మూత. వారానికోసారి మందుల అట్టలు ముందేసుకుని దాన్ని నింపేవాడు. అట్టలు పై అరలో ఉండేవి. పెట్టె అక్క చేతికి అందేలా ఉండేది.

"నీ మాత్రలు నువ్వే సర్దుకోవచ్చు కదే" అన్నాను ఒకసారి.

"ఆయనకీ ఏదో ఒకటి ఉండనీవే" అంది అక్క. "ఎన్ని బాగుచేసినా నేను బాగవడం లేదని లోపల కుమిలిపోతున్నాడు. ఈ పెట్టె నింపే రోజు కాస్త తేలిగ్గా కనిపిస్తాడు."

అంటే ఆమె నమ్మకం ఊరికే పెట్టుకున్నది కాదు. చేతులుండి కూడా ఆయనకి ఇచ్చినది.

అక్కకి పట్టుదల ఒక్కటే, మళ్ళీ కటింగ్ బల్ల దగ్గరికి వెళ్ళడం. ఇంట్లో బల్ల మీద పాత దుప్పట్లు పరిచి కత్తెరతో చెయ్యి సాధన చేసింది. ఒళ్ళు కుదురుగా ఉండేది. సూపర్‌వైజరు మంచివాడే. "ఒకరోజు వచ్చి కోసి చూపించమ్మా. నువ్వు కొయ్యగలిగితే నీ బల్ల నీదే" అన్నాడు. కుర్చీతో సహా ఎక్కి ఆ ఎత్తు బల్ల అందుకోవడానికి వాలు ఉన్న చెక్క వేదిక కావాలంటే, బావే చేసి, విడిభాగాలుగా తీసుకెళ్ళి, ఫ్యాక్టరీలో బిగించి వచ్చాడు.

సరిగ్గా అప్పుడే కాళ్ళు మొదలుపెట్టాయి. ముందు పొద్దున్నే కాస్త వణుకు. తర్వాత మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు బిగుసుకుపోవడం. తర్వాత ఉన్నట్టుండి పాదం పాదపీట మీంచి ఎగిరి ముందుకి తన్నడం. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. కాళ్ళు ఇలా ఉన్నట్టుండి రేగాయంటే ఒంట్లో ఎక్కడో ఏదో బాధపెడుతోందన్నమాట, అక్కకి తెలియడం లేదంతే, అది ఎక్కడో వెతకాలి అంది. మూత్రం పరీక్ష చేశారు. పొట్ట చూశారు. పుండుందేమోనని ఒళ్ళంతా చూశారు. కాలిగోరు లోపలికి గుచ్చుకుంటోందేమోనని వేలు వేలూ విడదీసి చూశారు. టార్చిలైటు పట్టుకుంది మా బావే. ఏమీ దొరకలేదు. "మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా?" అనడిగింది డాక్టరమ్మ. నేనే ముందుకి దూకాను. "మా బావ ఉండగా ఒక్క పూట కూడా తప్పదు డాక్టరుగారూ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. డాక్టరమ్మ కాళ్ళ మాత్ర మోతాదు పెంచింది. తగ్గలేదు. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ పెంచింది.

ఫ్యాక్టరీ రోజు వచ్చింది. వాయిదా వెయ్యమన్నాను. అక్క వినలేదు. ఎడమ చేతికి ఇనప గొలుసుల తొడుగు వేసుకుని వేదిక ఎక్కింది. పాత తోటివాళ్ళంతా చుట్టూ చేరారు. మొదటి అంచు అద్దంలా తెగింది. అక్క మొహం వెలిగిపోవడం నేను చూశాను. మలుపు దగ్గర కుడికాలు ఎగిరి బల్ల అడుగుని తన్నింది. కుర్చీ పక్కకి జరిగింది. మిషను దొంతర మధ్యలోంచి అడ్డంగా పోయి ఎడమచేతి మీదకి వచ్చింది. తొడుగు ఉండబట్టి వేళ్ళు మిగిలాయి. ఎవరో ప్లగ్గు పీకేశారు. సూపర్‌వైజరు తెగిపోయిన గుడ్డ వంక చూడలేదు, అక్క వంకే చూశాడు. "ముందు ఒళ్ళు కుదుటపడనివ్వమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ "తర్వాత" అనేది ఎలాంటి మాటో అందరికీ తెలుసు.

ఇంటికి బయల్దేరాం. కుర్చీ తోస్తున్నది బావ. ఆయన మొహం కూడా వాడిపోయింది. పాపం, ఈ మనిషి కూడా ఎంత బాధపడుతున్నాడో అనుకున్నాను నేను. నా జాలి మండిపోను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బావకి వేరే ఊళ్ళో కొత్త భవనానికి తలుపులు బిగించే పని వచ్చింది. నేను సెలవు పెట్టి అక్క దగ్గరికి వచ్చాను. నాది కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం. రోజంతా జనం చేత తిట్లు తింటాను కాబట్టి ఇంట్లో ఎవరేమన్నా పడను. బావ పెట్టె నింపి వెళ్ళాడు. కానీ పని అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు సాగింది, పెట్టె ఖాళీ అయింది. ఫోన్ చేశాను.

"మాత్రలు అయిపోయాయి బావా. పై అరలో అట్టలున్నాయిగా, డాక్టరమ్మ చీటీ చూసి నేను వేస్తాలే" అన్నాను.

అటువైపు కాసేపు రంపం చప్పుడే వినిపించింది. "మిగతావి వెయ్యి. కాళ్ళ మాత్ర మాత్రం నేనొచ్చేదాకా ఆపు" అన్నాడు.

"అదే కదా ఆపకూడదన్నది?"

"నేను చెప్తున్నాగా, ఏం కాదు."

"ఎందుకాపాలి?"

"వచ్చాక చెప్తాలే" అని పెట్టేశాడు.

పని హడావుడిలో ఉన్నాడు, ఏదో తికమకపడ్డాడు అనుకున్నాను. చీటీ నా కళ్ళముందుంది. డాక్టరమ్మ గుండ్రటి అక్షరాలు, కొత్తగా పెంచిన మోతాదు, కింద గీత. రాసింది రాసినట్టే వేశాను. ఇప్పుడడిగినా అదే చేస్తానంటాను.

సాయంత్రానికి అక్క కాళ్ళు కదలకుండా ఉన్నాయి. ఎన్నాళ్ళకో పాదాలు పీట మీద బుద్ధిగా కూర్చున్నాయి. "చూశావటే, ఈ రోజు చెప్పిన మాట వింటున్నాయి" అని వాటి వంక మురిపెంగా చూసుకుంది. "ఇలాగే ఉంటే వచ్చే నెల సూపర్‌వైజర్ని మళ్ళీ అడుగుతా." నాకూ సంతోషమేసింది. తర్వాత మాట్లాడుతూ మాట్లాడుతూనే తూగింది. బాగా అలసిందనుకున్నాను. మర్నాడు పొద్దున లేపి మాత్రలిస్తే కళ్ళు పూర్తిగా విప్పకుండానే మింగింది. మాట ముద్దగా వచ్చింది. మధ్యాహ్నానికి తల ఎత్తి పట్టుకుంటే నా చేతిలో వేలాడిపోయింది. పిలిస్తే పలకలేదు. ఊపిరి ఎంత పైపైన ఆడుతోందంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూడాల్సి వచ్చింది. అంబులెన్సులో ఆమె చెయ్యి పట్టుకుని ఏం మొక్కుకున్నానో నాకే గుర్తులేదు.

ఆక్సిజన్ పెట్టారు. కళ్ళు తెరిచేసరికి మర్నాడయింది. అప్పటికి బావ వచ్చేశాడు, జుట్టులో రంపపుపొట్టుతోనే. అక్క మూతి మీద గొట్టం పక్కకి జరిపి నా వంక చూసింది.

"ఏం వేశావే నాకు?"

"చీటీలో ఉన్నదే అక్కా."

"నేను ఆపమని చెప్పాను" అన్నాడు బావ. "ఫోన్లో చెప్పానా లేదా? నువ్వే చెప్పు."

చెప్పిన మాట నిజమే. తలూపాను.

అక్క కళ్ళు మూసుకుంది. "నీకెప్పుడూ నీ మాటే నెగ్గాలి. చిన్నప్పట్నుంచీ అంతే" అంది నీరసంగా.

నాకు తల కొట్టేసినట్టయింది. నర్సు చూసింది, పక్క మంచం వాళ్ళు చూశారు. చెల్లెలు అడ్డదిడ్డంగా మందులు వేసి అక్కని చావు దాకా తీసుకెళ్ళిందని ఆ వార్డంతా అనుకుంది. బావ తల దించుకుని దుప్పటి అంచు సర్దుతూ నిలబడ్డాడు.

డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ బయట వసారాలోకి పిలిచింది. నేను తెచ్చిన కాళ్ళ మాత్రల అట్ట ఆమె చేతిలో ఉంది. నా మీద ఎగురుతుందనుకున్నాను. "మీరు ఎక్కువేమీ వెయ్యలేదు. ఎన్ని వెయ్యాలో అన్నే తగ్గాయి" అంది నాతో. "నాకు అర్థం కానిది అదే. నెలలుగా వేసుకుంటున్న మోతాదు ఒక్కరోజులో మనిషిని ఇలా పడగొట్టదు. ఆ మందు ఒంట్లోకి వెళ్ళని మనిషికి ఒక్కసారిగా ఇంత వేస్తే ఇలా అవుతుంది." బావ వంక ఒకసారి చూసి, పిలుపొస్తే పక్క వార్డులోకి వెళ్ళింది.

నేను బావ వంక తిరిగాను. "ఎందుకాపమన్నావు?"

జుట్టులోని రంపపుపొట్టు దులుపుకున్నాడు.

"పెట్టెలో ఏం పెడుతున్నావు బావా?"

అప్పుడు చెప్పాడు. గోడకి ఆనుకుని, నా మొహం చూడకుండా. ఒకసారి అక్కకి వాంతులై రెండు పూటలు మాత్రలు కడుపులో నిలవలేదట. ఆ పొద్దున ఒళ్ళు చూడ్డానికి దుప్పటి తీస్తే కుడి మోకాలు దానంతటదే పైకి లేచిందట. "నా కళ్ళతో చూశాను. ప్రాణం ఉంది అందులో. ఈ మాత్రే దాన్ని నిద్రపుచ్చుతోంది" అన్నాడు. ఆపకూడదని డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది కాబట్టి, తెలివిగా, వారం వారం కాస్త కాస్త చెక్కుకుంటూ వచ్చాడట. మాత్రని ముక్క చేసి, ముక్కలో ముక్క చేసి, చివరికి ఆ చోట అదే రంగు, అదే సైజు సున్నం మాత్ర ఇంకోటి పెట్టాడు. కాళ్ళు ఎంత ఎగిరితే అంత ఆశ. డాక్టరమ్మ మోతాదు పెంచినప్పుడల్లా సున్నం మాత్ర ఇంకోటి చేర్చాడు.

ఆపమని ఫోన్లో నాకెందుకు చెప్పాడో అప్పుడర్థమైంది. భయపడే చెప్పాడు. కానీ కారణం చెప్పలేదు. చెప్పి ఉంటే తన గుట్టు బయటపడేది.

"అక్కకి ఇప్పుడే చెప్పకు" అన్నాడు. "కాస్త కోలుకోనీ."

"అందాకా నేను తప్పు చేశాననే అనుకోవాలా?"

"అనుకోనీ. నువ్వు చెల్లెలివి. నిన్ను ఎప్పటికైనా క్షమిస్తుంది. నన్ను క్షమించదు."

ఆఫీసులో ఎన్ని వేలమంది ఎన్ని మాటలన్నా నాకు అంత దెబ్బ తగల్లేదు. ఇన్నేళ్ళూ ఈ మనిషిని నెత్తిన పెట్టుకుని ఊరేగింది నేను. నా మంచితనాన్ని కూడా ఒక చెక్కముక్కలా తీసి తనకి ఆసరాగా పెట్టుకుంటున్నాడు. చెయ్యి చేసుకోకుండా ఎలా ఆగానో నాకే తెలియదు. వెళ్ళి డాక్టరమ్మని వెనక్కి పిలుచుకొచ్చాను. ఆమె ముందు మళ్ళీ మొత్తం చెప్పించాను. ఆమె మొహం ఎర్రబడింది గానీ మాట తూలలేదు. "ఇకనుంచి చిన్న మోతాదుతో మళ్ళీ మొదట్నుంచీ రావాలి. ఆమెకి చెప్పండి. ఆమె ఒళ్ళు అది" అని మాత్రం అంది.

"పద, నువ్వే చెప్పు" అన్నాను బావతో. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. నేను చెప్పే తీరు నీకు తెలుసు."

చెప్పాడు. మంచం పక్కన ఎత్తుపీట మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని చెప్పాడు. అక్క అడ్డం రాకుండా వింది. కేకలు పెడుతుందనుకున్నాను. మెల్లగా అడగడం మొదలుపెట్టింది.

"ఫ్యాక్టరీకి వెళ్ళినప్పటికే ఆపేశావా?"

"అప్పటికే."

"ఆ వేదిక నువ్వే కదా చేశావు?"

"నేనే."

"నేను దాని మీదకి ఎక్కేటప్పుడు నా ఒంట్లో ఆ మందు లేదని నీకు తెలుసు."

"తెలుసు."

"చేతిలో కత్తి మిషను ఉంటుందని తెలుసు."

బావ ఏడవడం మొదలుపెట్టాడు. "ఆ రోజు ఇంటికొచ్చాక మళ్ళీ వేసేద్దామనే అనుకున్నా. మర్నాడు పొద్దున నీ బొటనవేలు కదిలింది. నా మొహం మీద కొట్టి చెప్పినట్టు కదిలింది. నువ్వు నడుస్తావని..."

"నేను నడుస్తానన్నానా?" అంది అక్క. "ఎప్పుడైనా అన్నానా? పనికి వెళ్తానన్నాను. అదొక్కటే కదా అడిగాను నిన్ను."

ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"టార్చిలైటు పట్టుకుని నా కాలివేళ్ళ మధ్య ఏం వెతికావు మరి?" అనడిగింది.

అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. అక్కకి రాలేదు. ఆయన వంక తిరిగింది.

"ఆ మాత్రలేం చేశారు మీరు?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్క బావని "నువ్వు" అనే అనేది. మొదట్లో పెద్దవాళ్ళు ఎంత కసిరినా మానలేదు. బావ తల ఎత్తి చూశాడు. ఆ మాట ఆయనకి ఎక్కడ తగిలిందో నేను చూశాను.

"మేకుల డబ్బాలో ఉన్నాయి" అన్నాడు.

"పారెయ్యలేదా?"

"మందు కదా. పారెయ్యబుద్ధి కాలేదు."

అక్క నా వంక తిరిగింది. "గొంతు ఎండిపోతోందే. కాసిని నీళ్ళియ్యి" అంది. తాగించాను. "నిన్ను అనవసరంగా అన్నాను" అంది. "అన్నావులే, కొత్తేముంది" అన్నాను. నా చెయ్యి వదలకుండా నిద్రపోయింది.

నా దగ్గరికి తీసుకెళ్ళిపోదామనుకున్నాను. నేనుండేది మేడ మీద గది, ఇరుకు మెట్లు. "ఎక్కడికి పోతానే?" అంది అక్క, నేను అడిగితే. "నన్ను తిప్పడానికి, ఎత్తడానికి బలమైన చేతులు కావాలి. అవి ఆయనవి. ఆ చేతులు నాకు ఇప్పటికీ కావాలి. అదే కదా నా బాధ."

ఇంటికొచ్చిన రోజే పై అర కిందకి దింపించింది, కుర్చీలోంచి అందేలా. బావే దింపాడు. చెక్కపెట్టెలో ఇప్పుడు గుండీలు, సూదులు ఉంటాయి. మాత్రలు అక్క తన చేత్తో అట్టలోంచి నొక్కి తీసుకుంటుంది. నోట్లో వేసుకునే ముందు ఒకసారి వెలుతురుకి పెట్టి చూస్తుంది. కాళ్ళ మాత్ర చిన్న ముక్కతో మొదలై, డాక్టరమ్మ చెప్పినట్టే మెట్టు మెట్టుగా పెరిగింది. కాళ్ళు నెమ్మదించాయి. సూపర్‌వైజరుకి నేనే ఫోన్ చేసి మాట్లాడాను, ఫిర్యాదుల ఫోన్లో నేర్చుకున్న విద్యంతా ఉపయోగించాను. మళ్ళీ ఒకరోజు వచ్చి కోసి చూపించమన్నాడు.

ఆ పొద్దున నేను తొందరగా వచ్చేశాను. బావ అక్కని పక్కకి తిప్పి, రోజూలాగే వీపూ తుంట్లూ మడమలూ చూశాడు. జాగ్రత్తగానే చూశాడు, అది కాదనను.

"ఏం లేదు" అన్నాడు.

"అద్దం ఇవ్వండి" అంది అక్క.

గోడకి వేలాడుతున్న అద్దం తీసి ఇచ్చాడు. చేతి అద్దానికి పొడవాటి వంపు పిడి బిగించినది, పడుకుని వెనక వైపు చూసుకోవడానికి. హాస్పిటల్ నుంచి వచ్చాక అక్క ఆయనకి చెప్పిన మొదటి పని అది. పాపం, ఎంత నున్నగా చేశాడో. అక్క చేతిపట్టుకి సరిపోయేలా పిడిని వంచాడు, ఎక్కడా గరుకు లేకుండా రుద్దాడు. అక్క దాన్ని వెనక్కి పెట్టి, ఒకవైపు చూసుకుంది, ఇంకోవైపు చూసుకుంది. మడమలు చూసుకుంది. ఆయన అన్న మాట నిజమే. చర్మం శుభ్రంగా ఉంది.

అద్దం మాత్రం నా చేతికిచ్చింది. "నువ్వూ ఒకసారి చూసి చెప్పవే" అంది.

బావ అక్కడే నిలబడి ఉన్నాడు. నేను వంగి చూశాను. "ఏం లేదక్కా" అన్నాను. అప్పుడు అక్క, "సరే, ఇక లేపండి, ఆలస్యమవుతోంది" అని రెండు చేతులూ ఆయన మెడ చుట్టూ వేసింది.